తెల్లరంగు వేసిన రెండు స్తంభాలు

పెదనాన్న వేలి కణుపులతో మొదటి స్తంభాన్ని తట్టి, చెవి ఆనించి విన్నాడు.

"ఇదే నీది. డొల్లగా మోగుతోంది" అన్నాడు.

అమ్మాయి రెండింటినీ మార్చి మార్చి చూసింది. పరీక్ష గదిలో రెండు స్తంభాలూ ఒకేలా ఉన్నాయి. బరువు పడ్డప్పుడు చెక్క ఎక్కడ ఎంత వంగుతుందో కెమెరాకు కనిపించాలని, వాటికి నిలువునా తెల్లరంగు పూసి నల్లచుక్కలు చల్లారు. ఒకటి పెదనాన్న ఒకే మానులోంచి చెక్కింది. ఇంకోటి ఆమె పలక మీద పలక పేర్చి, జిగురుతో అంటించి బిగించింది. కొత్త బడి వరండాకు ఎవరి స్తంభాలు నిలబెట్టాలో ఈ పూటతో తేలిపోవాలి. అతుకులది ఓడితే జిగురు షెడ్డుకు తాళం వేస్తానని పెదనాన్న ఇంట్లో అందరిముందూ అన్నాడు. వేసుకోమని ఆమె కూడా అనేసింది. అంత మాట తన నోట్లోంచి వస్తుందని ఆమే అనుకోలేదు.

పరీక్ష చేసే మేడమ్ మీట నొక్కింది. యంత్రం పైనుంచి బరువు దించింది. మొదటి స్తంభం కాసేపు మూలిగి, మధ్యలో ఏటవాలుగా చీలిపోయింది.

పెదనాన్న మీసం చాటున నవ్వాడు. అతుకుల బొంత చలికి పనికొస్తుంది గానీ పైకప్పును మోస్తుందా అని మేడమ్‌ని అడిగాడు. ఇక చాలు, రెండోదాన్ని పాడుచెయ్యొద్దు, ఇంటికి పట్టుకుపోతానన్నాడు.

"రెండోదీ నొక్కండి మేడమ్" అంది అమ్మాయి.

"ఇంకా ఈ పంతమేంటే?"

"పందెం రెండింటికీ కదా పెదనాన్నా."

రెండో స్తంభం మొదటిది చీలిన బరువును దాటింది. ఇంకా దాటింది. చివరికి యంత్రమే ఇక నా వల్ల కాదన్నట్టు ఆగిపోయింది. పెదనాన్న ఆ స్తంభాన్ని ఎద్దు వీపు నిమిరినట్టు నిమిరాడు.

"చెక్కంటే ఇదీ. బడికి ఇలాంటివే పెట్టాలి. నా మాటగా రాసుకోండి."

అమ్మాయి తలెత్తి సూటిగా ఆయన కళ్ళలోకి చూసింది.

"తర్వాత మాట మార్చవుగా?"

"ఎప్పుడన్నా మార్చానా?"

ఏది ఎవరిదో తనకు చెప్పకుండానే రంగు వేసి పంపుతారంటూ, మేడమ్ ఉలి తీసుకుని నిలబడ్డ స్తంభం మీద రంగు గీకింది.

రంగు కింద వరసగా జిగురు గీతలు.