తలుపు అవతల

"గడియ తియ్యవే ప్రసన్నా! పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఒక్కసారి పాలిచ్చి, మళ్ళీ వేసుకో నీ తలుపు!"

అత్తగారు కృపమ్మ అరచేత్తో తలుపు బాదుతోంది. ఆమె చంకలో తొమ్మిది నెలల ఏంజెల్ కాళ్ళు తన్నుకుంటూ ఏడుస్తోంది. గదిలో ప్రసన్నకుమారి రెండు చెవులూ మూసుకుని మంచం మీద కూర్చుంది. చెవులు మూసుకుంటే ఏం లాభం? పాప ఏడుపుకి పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయింది.

"తియ్యనండీ అత్తయ్యా. టెస్టు రిజల్టు వచ్చేదాకా తియ్యను. డబ్బా పాలు పట్టండి."

"పట్టేను. నా మొహాన ఉమ్మేసింది. రేపు మా ఎబినేజరు కువైట్ నుంచి ఫోన్ చేసి పిల్లని చూపించమంటే ఏం చూపించను? దీని డొక్కలా?"

"నాకా కరోనా ఉంటే పాపకీ అంటుకుంటుందండీ. మీరు కూడా తలుపుకి దూరంగా జరగండి."

"మాస్కు కట్టుకుని పాలివ్వొచ్చని దుర్గాశ్రీ చెప్పలేదా?"

"ఆశా వర్కరండీ ఆవిడ, చెప్పేసి వెళ్ళిపోతారు. రేపు పాపకి ఊపిరాడకపోతే అమలాపురంలో బెడ్డు ఇప్పిస్తారా?"

కృపమ్మ గొణుక్కుంటూ వెళ్ళిపోయింది. ఏడుపు వంటింటి వైపు దూరమయింది.

ప్రసన్నకి ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తోంది. ఫోన్లో చూసిందంతా బుర్రలో తిరుగుతోంది. ముందు ముక్కు పనిచెయ్యడం మానేస్తుందట, ఏ వాసనా తెలియదట. తర్వాత గొంతులోంచి ఊపిరితిత్తుల్లోకి దిగుతుందట. అవి నీళ్ళు పీల్చిన దూదిలా అయిపోతాయట. నెత్తురు నరాల్లోనే గడ్డకడుతుందట. కొంతమందికి ఆయాసమైనా తెలియకుండా ఒంట్లో ఆక్సిజన్ పడిపోతుందట. వెనక వీధి రమణబాబు అంబులెన్సు ఎక్కుతూ డ్రైవరుతో జోకులేశాడు. మళ్ళీ ఇంటికి రాలేదు. పెద్దవాడికే అలా అయితే, గుప్పెడంత పిల్ల గుండెలో ఎంత చోటుంటుంది?

ఊపిరి బిగబట్టి చూసుకుంది. ఛాతీలో ఎక్కడో పట్టేసినట్టనిపించింది. నిజంగా పట్టేసిందో, భయానికి అలా ఉందో తెలియలేదు. రొమ్ములు రాళ్ళలా గట్టిపడి సలుపుతున్నాయి. ఏడుస్తూనే పాలు స్టీలు గ్లాసులోకి పిండి, కిటికీలోంచి అరటిచెట్టు మొదట్లో పారబోసింది.

ఉన్నట్టుండి పాప ఏడుపు ఆగిపోయింది.

ప్రసన్న దిగ్గున లేచింది. "అత్తయ్యా! అత్తయ్యా! పాప ఊపిరి తీస్తోందాండీ?"

"తియ్యక? నా మెళ్ళో గొలుసు నములుతోంది. అన్నం నోట్లో మెత్తగా నమిలి పెట్టేను, చక్కగా తింది."

"నోట్లో నమిలా అండీ?"

"మీ ఆయన్నీ అలాగే పెంచేను. నాకేం జ్వరమా, దగ్గా? రాయిలా ఉన్నాను. నువ్వు పడుకో."

ప్రసన్న మళ్ళీ మంచం మీద వాలింది. పాప తన ఊపిరికి దూరంగా ఉంది, అంతే చాలు. కళ్ళు మూసుకుని, ప్రభువా, నాకేమైనా ఫరవాలేదు గానీ దాని జోలికి రానివ్వకు అని వేడుకుంది.

దడి దగ్గర సైకిలు ఆగిన చప్పుడయింది.

"ప్రసన్నగారండీ! మీ రిజల్టు వచ్చేసిందండీ!"

దుర్గాశ్రీ గొంతు. ప్రసన్న లేచి కూర్చుంది. మంచం పట్టె పట్టుకుని, "చెప్పండి," అంది. ఆ మాట తనకే వినపడలేదు.

"నెగిటివేనండీ! మామూలు జ్వరమే."

"నిజంగానాండీ? పేరు సరిగ్గా చూసేరా?"

"ఆయ్, మీ పేరే, మీ ఫోన్ నెంబరే. ఇహ తలుపు తీసి పాపకి పాలివ్వండి తల్లీ. మీ అత్తగారు నేను కనబడితే చాలు తిడుతున్నారు."

"తిట్టనా మరి?" కృపమ్మ వసారాలోకొచ్చింది. "ముక్కులో పుల్ల పెట్టి మెదడు దాకా కెలికేవు. మా కోడలుపిల్ల హడలిపోయి గదిలో దూరిపోయింది!"

గడియ తీసిన చప్పుడయింది. ప్రసన్న గుమ్మం దాటి వచ్చి, వెలుతురుకి కళ్ళు చికిలించింది. జుట్టు రేగిపోయి, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. రెండు చేతులూ చాపింది.

"రా తల్లీ. అమ్మ దగ్గరికి రా."

ఏంజెల్ ఒకసారి చూసి మొహం తిప్పేసుకుంది. నానమ్మ మెడ చుట్టేసుకుంది.

"చూసేవా? నన్నొదలదు!" కృపమ్మ పకపకా నవ్వి, పాప మూతి మీద చప్పుడయ్యేలా ముద్దు పెట్టింది. "నీ తల్లేనే పిచ్చిమొహమా, దయ్యం కాదు. వెళ్ళు."

అలకలో ఉన్న బిడ్డను చూసి ప్రసన్నకీ నవ్వొచ్చింది. బతికి బయటపడ్డట్టుంది. దగ్గరికెళ్ళి, చటుక్కున ముక్కు మూసుకుంది.

"ఓసి దొంగా! దొడ్డికెళ్ళిపోయి ఏమీ ఎరగనట్టు కూర్చుందండీ. అబ్బో, గుప్పుమంటోంది!"

"ఇక్కడికి నాకూ కొడుతోందండీ, రెండు మాస్కుల్లోంచి!" దడి అవతల దుర్గాశ్రీ నవ్వింది. "ఏం పెట్టేరండీ కృపమ్మగారూ?"

నిజమే. కృపమ్మ నడుము దగ్గర చీర మీద పచ్చగా మరక పాకుతోంది. ఆమె ఇంకా చూసుకోలేదు. వీళ్ళిద్దరూ తనని ఆటపట్టిస్తున్నారనుకుంది. పాపని రెండు చేతులతో పైకెత్తి, లంగోటాకి ముక్కు ఆనించి గట్టిగా పీల్చింది. మొహం చిట్లించి మరోసారి పీల్చింది.

"ఏదే అమ్మాయ్? నాకేం వాసన రావట్లేదే!"