పిట్టల సంచి

వడిసెల రాయి నేరుగా వెళ్ళి ఆ మనిషి నుదుటికి తగిలింది.

ఇశ్రాయేలు కావాలనే విసిరాడు. వీరులపాడు పొలిమేరలో సాంబయ్యగారి జొన్నచేనుకి అతను కాపలా. పదిరోజులుగా మంచె మీద నుంచి చూస్తూనే ఉన్నాడు. ఎవడో పొరుగూరివాడు పొద్దున్నే వస్తాడు, గట్టు మీద కూర్చుని పిట్టల వంక చూస్తాడు, పుస్తకంలో ఏదో రాసుకుంటాడు.

అక్కడితో ఆగితే గొడవే లేదు.

సాంబయ్యగారు కొత్తగా వచ్చిన పురుగులమందు నూకల్లో కలిపి చేలో చల్లిస్తున్నారు. అవి తిన్న గిజిగాళ్ళు చేలో పడవు. దాహమేసి వాగుకి పోతాయి. నీళ్ళు తాగి, ఎగరలేక తుమ్మచెట్ల కింద రాలిపోతాయి. ఏ చెట్టు కింద ఎన్ని రాలతాయో వాడికి ముందే తెలుసు. ఇశ్రాయేలు మంచె దిగి వెళ్ళేసరికి అన్నీ ఏరి సంచిలో వేసుకుంటాడు, ఒక్కటి మిగలదు.

ఇంట్లో పిల్లలు కూర మొహం చూసి నెల దాటింది. కడుపు మండదూ?

మంచె దూకి సంచి పట్టుకున్నాడు.

"కూలోళ్ళ నోటికాడ కూడు లాక్కుంటావేందయ్యా? చొక్కా తొడుక్కున్నావు, సిగ్గులేదూ?"

నెత్తురు కంట్లోకి కారుతున్నా వాడు సంచి వదల్లేదు.

"తినబాకండి నాయనా! మందు తిని చచ్చిన పిట్టలవి."

"మాకు తెలవదా? మునేటి మడుగులో మంగకాయ పొడి కలిపి చేపలు పడతాం. మత్తెక్కి తేలినయ్యన్నీ వండుకు తింటాం. ఎవడు చచ్చాడు?"

"అది వేరు, ఇది వేరు. నీ కాళ్ళు పట్టుకుంటా. నేను కూడా..."

నిజంగానే వంగాడు. ఇశ్రాయేలు కాలితో ఒక్క తోపు తోశాడు. సంచి చేతికొచ్చింది.

ఇంటిదగ్గర లూర్దమ్మ మొగుడు తెచ్చిన పిట్టలకి ఉప్పూకారం రాసి కాల్చింది.

"ముందు పిల్లల్ని తిననియ్యి," అంది.

ఆకలి రుచెరగదంటారు. విషాన్నీ ఎరగదు.

పొద్దు గూకకముందే ఎద్దుల బండి నందిగామ ఆస్పత్రికి పరిగెత్తింది. పెద్దపిల్ల బేబి దారిలోనే పోయింది. చిన్నదాన్ని బల్ల మీద పడుకోబెట్టి డాక్టరుగారు కక్కించారు. అదీ దక్కలేదు.

లూర్దమ్మ నేలమీద పడి ఏడుస్తోంది. ఏం తిన్నారో చూపించమంటే ఇశ్రాయేలు సంచి అందించాడు. కాంపౌండరు శాంతయ్య మిగిలిన పిట్టల్ని బయటికి తీశాడు. అడుగున పుస్తకం ఉంది.

"వాగు పక్క మూడో తుమ్మ కింద, పదకొండు. గొయ్యి తీసి పూడ్చాను," అని చదివాడు. పేజీ తిప్పాడు. ప్రతి పేజీ అంతే. అట్ట మీద పేరు చూసి ఆగిపోయాడు.

"ఈ సంచి నీకెక్కడిదయ్యా?"

"ఎవరో పిట్టలేరుకునే ఆయనదండి. ఆయన తినటానికేననుకున్నా."

"పరిటాల జీవరత్నం మేస్టారు," అన్నాడు శాంతయ్య, పుస్తకం మూస్తూ. "పోయినేడు మంగకాయ చేపల్లాంటివే గదా అని ఇట్టాంటి పిట్టల్నే కాల్చిపెట్టి, తన పిల్లలిద్దర్నీ ఈ బల్ల మీదికే తెచ్చాడు."