సర్దిన బ్యాగు

"ఈ బ్యాగు ఎవరిది?"

విమానాశ్రయంలో తనిఖీ చేస్తున్న మహిళా ఉద్యోగి అడిగితే, "మా చెల్లిదండీ. సర్దింది నేనే," అంది అక్క ధీమాగా. లోపలినుంచి చిన్న పెప్పర్ స్ప్రే డబ్బా బయటపడేదాకానే ఆ ధీమా.

అలిగి వచ్చిన చెల్లెల్ని మొగుడి దగ్గర దిగబెట్టడానికి బయల్దేరింది అక్క. "కాపురమన్నాక సర్దుకుపోవాలే," అని వారంరోజులు చెవినిల్లు కట్టుకుని పోరి మరీ ఒప్పించింది.

"ఇది నేను పెట్టలేదే!"

"నేనే పెట్టుకున్నానక్కా," అంది చెల్లెలు.

"ఇది విమానంలోకి రానివ్వం," అంది ఉద్యోగిని. "పడేసి ఎక్కండి. లేదా ఇది తీసుకుని వెనక్కి వెళ్ళిపోండి."

"పడెయ్యవే! ఒంటరి ప్రయాణమా ఏమన్నానా? పక్కన నేనున్నాను. దిగేసరికి మీ ఆయన బయటే ఉంటాడు."

చెల్లెలు డబ్బా మీంచి చూపు తిప్పలేదు.

"నువ్వు రేపు వచ్చేస్తావుగా అక్కా."

నవ్వబోయిన అక్క ఆగిపోయింది. తను వచ్చేశాక ఆ ఇంట్లో మిగిలేది వాళ్ళిద్దరే.

"ఏదో ఒకటి తేల్చండమ్మా," వెనక వరసలో ఎవరో విసుక్కున్నారు.

అక్క ట్రేలోంచి చెల్లెలి చెప్పులు తీసి ఆమె కాళ్ళ ముందు పెట్టింది. బ్యాగు తన భుజానికి తగిలించుకుంది. చెల్లెలి చెయ్యి పట్టుకుని వచ్చిన దారినే నడిచింది.

"అమ్మా, మీ డబ్బా!" ఉద్యోగిని కేకేసింది.

"పడెయ్యండి," అంది అక్క వెనక్కి తిరక్కుండానే. "ఇప్పుడు వెళ్ళేది మా ఇంటికి."