మేస్త్రీకి వచ్చిన ఒకే ఒక్క మాట

"వద్దు!" అని అరిచాడు మేస్త్రీ. ఎడమచెయ్యి విసిరిన విసురుకి గ్లాసు ఎగిరి అక్క ఒళ్ళో పడింది.

"చూశారా వదినా? నేను చెబితే నమ్మలేదుగా," అంది మరదలు, మొగుడి మంచం కింది నీళ్ళు గుడ్డతో ఒత్తుతూ. "జావైతే రెండు చెంచాలు పోతుంది. నీళ్ళు కనబడ్డాయా, ఇదే కేక."

అక్క తడిసిన బట్టలు దులుపుకుంటూ తమ్ముడి మొహంలోకి చూసింది. పెదాలు ఎండి పొలుసులు లేచాయి. కళ్ళు మాత్రం ఇంకా కిందపడ్డ గ్లాసు మీదే ఉన్నాయి.

మిల్లు షెడ్డులో నూరుమందిని గడగడలాడించిన నోరది. ఆ నోటికి జడిసి కూలివాడు ఒంటేలుకి పోవడానికి కూడా అడిగేవాడు కాదు. షెడ్డులో నోరు, ఇంట్లో చెయ్యి. నెల కింద తలలో నరం చిట్లి కుడిపక్క మొత్తం పడిపోయింది. మాటలూ పోయాయి. నోట్లోంచే కాదు, చెవుల్లోంచి కూడా. ఎవరేం చెప్పినా అతనికి రోడ్డు మీద బండ్ల చప్పుడే.

మంచం పక్కన కూర్చున్న మాటల టీచరు తృప్తిగా తలాడించింది. ఆసుపత్రివాళ్ళు వారం వారం పంపే మనిషి ఆవిడ.

"బాధపడకండి అక్కగారూ. ఇది మంచి కబురు. మీవాడికి ఒక మాట దొరికింది!"

"ఏం మంచి కబురమ్మా? దాహంతో నాలుక పిడచకట్టి చస్తున్నాడు!"

"మింగేటప్పుడు పొలమారుతుందని భయం. అందుకే నీళ్ళు వద్దంటున్నాడు. చూడండి, మాట చెవిలో పడితే దాని అర్థం వెతికిపెట్టే చోటు మెదడులో ఒకటుంది. ఆ చోటే దెబ్బతింది. పాత మాటలు ఉన్నా దారి లేదు. ఇక పసిపిల్లాడికి నేర్పినట్టే. వస్తువు కళ్ళ ముందు పెట్టాలి, మాట చెవిలో వెయ్యాలి. అదే వస్తువు, అదే మాట. మాట అనగానే పని జరగాలి, అప్పుడే మెదడు దాన్ని దాచుకుంటుంది. వద్దన్నాడా, తీసెయ్యండి. బలవంతంగా పోశారో, కట్టిందంతా కూలిపోతుంది."

"మరి ఆ చెయ్యి అలా చాపుతాడేం?"

"చాపడం కాదు, తోసెయ్యడం. చేతిని నమ్మకండి, మాటను నమ్మండి." టీచరు మరదలి భుజం తట్టింది. "ఈమెలాంటి ఇల్లాలు నూటికొకరుండరు. రోజూ తలుపు వేసుకుని ఒక్కతే పాఠం చెబుతోంది. అదే మంచిది, నలుగురుంటే చెవి చెదురుతుంది."

"ఏమన్నారు?" అంది మరదలు తల తిప్పి, కుడి చెవి అందిస్తూ. ఎడమ చెవి ఏనాడో పోయింది.

అక్క చూపు దించుకుంది. ఆ చెవి ఎలా పోయిందో ఆమెకి తెలుసు. కాపరానికొచ్చిన కొత్తలో ఈ పిల్లకి బుద్ధి చెప్పింది తనే. "మావాడికి వద్దు అనే మాట గిట్టదే అమ్మాయ్. ఆ ముక్క మరిచిపో, సుఖంగా ఉంటావు." ఈ పిల్ల మరిచిపోలేదు. వద్దు వద్దంటూనే దెబ్బలు తింది. గోడకి చెప్పుకున్నట్టే. చెవి పోయిననాడు కూడా అక్క అన్నమాట ఒకటే: "నోరు అదుపులో ఉండాలమ్మా."

అలాంటి పిల్ల ఇవాళ వాడికి మాటలు నేర్పుతోంది. ఎంత ఓర్పు!

మర్నాడు డాక్టరు వచ్చాడు. సెలైన్ సూది పెట్టడం, మేస్త్రీ ఎడమచేత్తో పీకి పారెయ్యడం అప్పటికే అయ్యాయి. "ముక్కులోంచి గొట్టం వేస్తాను. మీరంతా సరేనంటే," అన్నాడు డాక్టరు గొట్టం ఎత్తి చూపిస్తూ.

"మాదేముంది, ఆయన్నే అడగండి," అంది మరదలు. డాక్టరు వెనకాల, నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది.

మేస్త్రీ చూపు డాక్టరు భుజం దాటింది. "వద్దు! వద్దు! వద్దు!"

కన్నీళ్ళు కారిపోతుంటే ఎడమచెయ్యి గాలిలో కొట్టుకుంది. డాక్టరు అక్క వైపు తిరిగాడు. అక్క మొహం తిప్పేసుకుంది. "చిన్నప్పట్నుంచీ మొండిఘటం. వాడి మాటే కానివ్వండి."

ఆ మధ్యాహ్నం ఉండబట్టలేక ఆమే మరో గ్లాసు తెచ్చింది. "తాగరా నాన్నా, అక్కనిరా."

"వద్దు..." మేస్త్రీ గొంతు జీరబోయింది. చెయ్యి ఆమె మణికట్టు పట్టుకుంది. ఉడుంపట్టు. అక్క వేలు వేలూ విడదీసి, గ్లాసు వెనక్కి తీసుకుపోయింది. వాడి మాట నిలబెట్టింది. టీచరమ్మ చెప్పింది మరి!

రెండు రోజుల తర్వాత డాక్టరు వసారాలో గొంతు తగ్గించి చెప్పాడు. "ఒంట్లో తడి లేదు. కిడ్నీలు ఆగిపోయాయి. ఇక ఏం ఎక్కించినా బూడిదలో పోసిన పన్నీరే. పిలుచుకోవాల్సిన వాళ్ళని పిలుచుకోండి."

అక్క మరదలికి ఈ మాట ఎలా చెప్పాలా అనుకుంటూ గది వైపు నడిచింది. పాపం, ఇంకా పాఠం చెబుతూనే ఉంది పిచ్చితల్లి. రోజూ గడియ పెట్టుకునేది, ఇవాళ తలుపు ఓరగా ఉంది. చెవిటిపక్క ఇటు ఉంది కనక అడుగుల చప్పుడు వినబడలేదు.

మరదలు నిండు గ్లాసు మేస్త్రీ కళ్ళ ముందు పట్టుకుని, గోటితో టంగుమనిపించింది.

"దీన్నేమంటాం? చెప్పండి. నిన్న చెప్పారుగా, మొన్న చెప్పారుగా. ఊఁ, ఏమంటాం?"

ఎండిన పెదాలు అతికష్టం మీద విడిపడ్డాయి.

"వ...ద్దు."

"భేష్," అని అతని నోట్లో చెంచాడు నీళ్ళు పోసింది మరదలు.