పదకొండు నోళ్ల చాయ్

హెచ్.ఐ.వి. ఉన్న సలోమి చాయ్ గ్లాసును ప్రార్థన కూడికలోని ఆడవాళ్లు తలా ఒక గుక్క తాగి పక్కవాళ్లకు అందిస్తున్నారు. పదకొండో గుక్క వేళకు నేను గుమ్మంలో అడుగుపెట్టాను.

"ఏం జేస్తున్నరమ్మా?" అన్నాను.

"మందు తయారు జేస్తున్నం బిడ్డా," అంది పాస్టరమ్మ. "ఉమ్మి ఆ పురుగును ఆపుతదని మొన్న నువ్వే జెప్పినవు గద. గీ పిల్ల ఒక్కదాని ఉమ్మి ఏం సరిపోతది? అందరం జర కలుపుతున్నం."

నేను చెప్పిన మాట నిజమే. ఉమ్మిలో ఆ వైరస్‌ను అణచే పదార్థాలు సహజంగానే ఉంటాయనీ, ఒకే గ్లాసుతో తాగితే వ్యాధి సోకదనీ ఆరోగ్య కార్యకర్తగా కాగజ్‌నగర్ వాడలన్నీ తిరిగి చెప్పాను. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. ఇప్పుడు ఆ చదువే సలోమి చేత మాత్రలు మాన్పిస్తుందేమోనని భయపడ్డాను.

గ్లాసు తిరిగి సలోమి చేతికి రాగానే ఆమెను పెరట్లోకి తీసుకెళ్లాను. "అక్కా, ఉమ్మి నోట్లెనే పనిజేస్తది. నెత్తుట్ల ఉన్నదాన్ని ఏం జెయ్యదు. మాత్రలు బంద్ జెయ్యకు."

"నాకెరుకే మేడం. పొద్దుగాల్నే ఏసుకున్న."

"మరి గిది మందని వాళ్లకెవ్వలు జెప్పిండ్రు?"

"నేనే." సలోమి గ్లాసును రెండు చేతులతో పట్టుకుంది. "సోకదని మీరు జెప్తే అందరు తలకాయలూపిండ్రు. నా గ్లాసు మాత్రం మూడేండ్ల సంది వేరుగ గోడ మీదనే ఉన్నది. మందని నేను జెప్తే ముట్టిండ్రు."

చివరి గుక్క తాగి, నా చెవి దగ్గరకు వచ్చింది.

"గీ మందు రోజుకు రెండు పూటలని వాళ్లకు జర మీరు జెప్పుండ్రి మేడం."