మనిషికి పది

జయపాల్ నడుపుతున్న ప్రోగ్రామ్ ఉన్నట్టుండి ఆగిపోయింది. తెర మీద ఒక వరుస వచ్చింది: పదికి మించి ప్రాసెస్‌లు నడపడానికి వీల్లేదు.

పక్క కుర్చీలోంచి స్తుతి అది చదివింది. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

కర్నూలును ఆనుకుని కల్లూరులో ఉన్న ఆ ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులో నలభై తెరలకూ కలిపి ఒకటే సర్వరు. స్తుతి ప్రాజెక్టుకేమో ఒకేసారి అరవై ప్రాసెస్‌లు నడవాలి. ఆలూరు చుట్టూ అరవై ఊళ్లు, ఊరికొకటి. ఏ ఊళ్లో బోర్లు ఎన్నాళ్లకు ఎండుతాయో తేల్చే ప్రాజెక్టు అది. వాళ్ల నాన్న ఏసన్న వేయించిన మూడు బోర్లూ ఎండిపోయాకే ఆమె దాన్ని పట్టుకుంది. ఆరు గంటలు నడవాలి. ఇప్పటికి నాలుగుసార్లు సగంలోనే సర్వరు హ్యాంగయింది. శుక్రవారం ప్రాజెక్టు పరీక్ష. ఆరోజు ఫలితం చూపించకపోతే ఏడాది పోయినట్టే.

పోయిన వారమే ల్యాబ్ ఇన్‌ఛార్జి శివప్రసాద్ అందరి ముందూ స్తుతిని అడిగాడు, ఒక్కదానికే అరవై ఎందుకని. ఆమె చెప్పిందంతా విన్నాడు. ఆదివారమంతా కూర్చుని, పిల్లలు కమాండ్లు కొట్టే షెల్‌లో ఒక కొత్త ఆప్షన్ రాసి చేర్చాడు. ఒక్కొక్కరు ఎన్ని ప్రాసెస్‌లు నడపొచ్చో దాంతో హద్దు పెట్టొచ్చు. అది ఎవరి కోసం రాశాడో స్తుతికి ఒకరు చెప్పనక్కర్లేదు.

నేరుగా ఆయన గదిలోకి వెళ్లింది.

"ఆ హద్దు తీసేయండి సార్."

శివప్రసాద్ తలెత్తలేదు. "నీది ఒకతూరి నడిపి చూసినావా పాపా?"

"చూసేదేముంది సార్? జయపాల్‌ది పదకొండుకే ఆగిపాయ. నాది అరవై. నన్ను ఆపేదానికే గదా మీరిది పెట్టిండేది?"

"ముందు పోయి నడుపు."

అది వెటకారమనుకుంది స్తుతి. మధ్యాహ్నానికల్లా ముప్పై సంతకాలు పోగుచేసింది. ల్యాబులో ఆడుకునే ఆటలు ఆ హద్దుతో ఆగిపోయినవాళ్లు అడక్కముందే పెట్టారు. ఆ కాగితం ప్రిన్సిపాల్ చేతికిచ్చి, బీదపిల్లలంటే శివప్రసాద్‌కు చులకనని కూడా చెప్పింది. ప్రిన్సిపాల్ అతన్ని పిలిపించి, ఎవరినడిగి చేశావని నలుగురిలో గద్దించాడు. అప్పటికప్పుడు పాత షెల్ పెట్టించి, రేపటినుంచి ల్యాబు ఇంకొకరు చూస్తారన్నాడు. శివప్రసాద్ ల్యాబు తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

సాయంత్రానికి ల్యాబులో ఆటలు మళ్లీ మొదలయ్యాయి. స్తుతి తన ప్రోగ్రామ్ నడిపింది. ఇరవై నిమిషాలకు సర్వరు హ్యాంగయింది. శివప్రసాదే పోతూ పోతూ ఏదో చేసిపోయాడని పళ్లు నూరింది.

అంతలో అటెండరు గిడ్డయ్య ఒక కాగితం తెచ్చాడు. శివప్రసాద్ ఎవరెవరికి ఎంత హద్దు పెట్టాడో ఆ జాబితా. అదంతా తీసేసినట్టు ఫిర్యాదు చేసినవాళ్లు కింద సంతకం చేయాలట. పేర్ల పక్కన వరుసగా పది, పది, పది. స్తుతి పెన్ను తీసి తన పేరు వెతుక్కుంది.

దాని పక్కన 'హద్దు లేదు' అని ఉంది.