పై పేట పొదుపు

"ఐదు వందల మంది ఉంటేనే కొత్త పైపు. ఒక్కరు తగ్గినా ఫైలు వెనక్కి పోతుంది" అన్నాడు ఇంజనీరు యసెన్.

"ఐదు వందల ముప్పై ఒక్క మందిమి ఉన్నాం సార్" అన్నాడు మేయరు దోబ్రి తడుముకోకుండా. "కింది పేటలో రెండు వందల పదకొండు, పై పేటలో మూడు వందల ఇరవై. పేర్లతో సహా జాబితా మీ చేతిలోనే ఉంది."

సుహి కామెన్ అనే ఆ కొండ ఊళ్లో నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. అదీ పాత పైపు పగలకపోతే. ఆ పైపు వేసేనాటికి దోబ్రి ఇంకా పుట్టలేదు. పగిలిన రోజు ఊరంతా బకెట్లు పట్టుకుని బస్టాండు అవతలి ఊట దగ్గరికి నడుస్తుంది. ఎనభై మూడేళ్ల నెదా అవ్వ కూడా నడుస్తుంది. ఇంకో వేసవి ఆ బకెట్లు మోస్తే తన మోకాళ్లు మిగలవని ఆమె మేయరుకి రోజూ చెబుతూనే ఉంది.

ఈ ఊరికి ముప్పై ఏళ్లకు సరిపోయే నీటి ప్రణాళిక రాయమని యసెన్‌ని రాజధాని నుంచి పంపారు. ఊరు చూసి రావడానికి రెండు రోజులు గడువిచ్చారు. ఒక రోజు దారిలోనే అయిపోయింది.

రెండో రోజు కాఫీ దుకాణం ముందు బల్ల మీద కాగితాలు పరిచాడు.

"మీ ఊళ్లన్నీ ఖాళీ అయి అందరూ స్పెయిన్‌లో ఉంటున్నారని విన్నానే?"

"కింది పేట కుర్రాళ్లు పోయారు సార్. పై పేటవాళ్లు ఎక్కడికీ పోరు."

ఆ పేటంటే దోబ్రికి గౌరవం. మూడు ఎన్నికల్లోనూ అక్కడి ఓట్లన్నీ అతనికే పడ్డాయి.

యసెన్ మీటరు లెక్కలు చూసి ఉలిక్కిపడ్డాడు.

"కింది పేటలో మనిషికి రోజుకి తొంభై లీటర్లు. పై పేటలో లీటరు కూడా లేదు! మీటరు చెడిపోయిందా?"

"మీటరు నిక్షేపంలా ఉంది. పేట మొత్తానికి ఒకటే కుళాయి, దారి మొదట్లో."

"మూడు వందల ఇరవై మందికి ఒక్క కుళాయా? కొట్టుకోరూ?"

"ఇన్నేళ్లలో ఒక్కరు ఒక్క మాట అన్నది వినలేదు."

"మరి స్నానాలు?"

"అక్కడికి వెళ్లేముందే ఇక్కడ, కింది ఇళ్లలో అయిపోతాయి సార్."

ఫోను రావడంతో యసెన్ పక్కకి వెళ్లాడు. పక్క బెంచీ మీద ఎర్ర మిరపకాయలకి తొడిమలు తీస్తున్న నెదా అవ్వ గొంతు తగ్గించింది.

"ఒరేయ్ దోబ్రీ, ఈ వయసులో నాచేత అబద్ధాలు ఆడిస్తావట్రా?"

"అబద్ధం ఎందుకవ్వా? అన్నీ నిజాలే చెబుదాం. అన్నీ చెప్పొద్దు, అంతే."

యసెన్ తిరిగొచ్చి అవ్వ వైపు తిరిగాడు.

"పై పేటలో మీకు తెలిసినవాళ్లున్నారా అవ్వా?"

"నాకు తెలిసినవాళ్లంతా అక్కడే నాయనా. మా ఆయన అక్కడికి మారి పదకొండేళ్లు."

యసెన్ ఇబ్బందిగా దగ్గాడు. "గొడవలేమైనా..."

"రోజూ ఉండేవి. ఆయన అక్కడికి పోయాకే సర్దుకుంది. శనివారం శనివారం ఒక చెంబుడు నీళ్లూ, ఒక గుక్కెడు రకియా సారా పట్టుకెళ్తాను."

"వారానికి ఒక చెంబేనా?"

"అదీ పూలమొక్కలకే. ఇక్కడున్నన్నాళ్లూ వేణ్ణీళ్లు పెట్టలేదని తిట్టేవాడు. ఇప్పుడు ఏదీ అడగడు. మనిషి ఎంత మారిపోయాడో!"

యసెన్ చకచకా రాసుకున్నాడు.

"ఒకసారి పైకి వెళ్లి చూస్తే?"

దోబ్రి గబుక్కున లేచాడు. "దానికేం సార్, ఎవరైనా ఎప్పుడైనా వెళ్లొచ్చు. కాకపోతే నిటారు దారి. మొన్నటి బురద..."

యసెన్ తన కొత్త బూట్లు చూసుకున్నాడు. అంతలో తెల్ల జున్ను తురిమిన టమోటా ముక్కలు, చల్లని రకియా బల్ల మీదకి వచ్చాయి.

"జాబితా ఉంది కదా, చాల్లెండి" అన్నాడు.

నెల తిరక్కుండానే ప్రణాళిక తయారైంది. నూట నలభై పేజీలు. చదివి వినిపించడానికి యసెన్ స్వయంగా వచ్చాడు. పురపాలక భవనంలో కుర్చీలు చాలక జనం గోడలకి ఆనుకుని నిలబడ్డారు.

"జనాభా ఐదు వందలు దాటినట్టు ధ్రువీకరించడమైనది" అని చదివాడు.

చప్పట్లు మోగిపోయాయి. నెదా అవ్వ తన మోకాళ్లని రెండు చేతులతో నిమురుకుంది. దోబ్రి చొక్కా సర్దుకుని లేచి నిలబడ్డాడు.

యసెన్ పేజీ తిప్పాడు.

"అయితే ఊళ్లో నూటికి అరవై మంది లీటరు లోపు నీళ్లతో, ఒక్క ఫిర్యాదైనా లేకుండా, ప్రశాంతంగా గడుపుతున్నారు. కనుక కొత్త పైపు అవసరం లేదు. మిగతా నూటికి నలభై మందికీ ఆ పద్ధతి నేర్పితే చాలు. కింది పేటవాళ్లు పదేసి మంది చొప్పున వెళ్లి పై పేటలో పదిహేను రోజులు ఉండాలి. పెద్దవాళ్లతో మొదలుపెట్టాలి."

దోబ్రి మెల్లిగా కూర్చున్నాడు. నిజం చెబితే జాబితా పోతుంది, దాంతో తన పదవీ పోతుంది. చెప్పకపోతే పైపు పోతుంది.

"పై పేట పద్ధతి దేశమంతా రావాలి!" అన్నాడు యసెన్. అతని కళ్లు మెరుస్తున్నాయి. "నెదా అవ్వా, మొదటి జట్టులో మొదటి పేరు మీదే. వెళ్తారు కదా?"

అవ్వ కుర్చీ పట్టుకుని లేచింది.

"పోక తప్పుతుందా నాయనా, మా ఆయన తలాపున రాయి మీద ఆయన పక్కనే నా పేరూ ఫొటో చెక్కించి పదకొండేళ్లయింది, చచ్చిన సంవత్సరం వేసే చోటొక్కటే ఖాళీగా ఉంది."